చేసినోడే తియ్యాలె

చేతబడి పంచాయితీలో ఒప్పుకోలు అడిగేది శిక్ష వెయ్యడానికి కాదు, రోగం నయం చేయించడానికి. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో బాణామతి అనే చేతబడి గురించి వినిపించే నమ్మకాల్లో అన్నింటికంటే బలమైనది ఇదే: చేసినోడే తియ్యాలె. మంచాన పడ్డ మనిషి లేవాలంటే, చేసినవాడు నలుగురి ముందు "నేనే చేసిన, తీస్త" అనాలి. ఆ మాట కోసమే మనుషుల్ని చెట్టుకు కట్టేస్తారు, గుండు గీస్తారు, పళ్ళు రాలగొడతారు. న్యాయస్థానంలో ఒప్పుకోలుతో విచారణ ముగింపుకొస్తుంది. చేతబడి పంచాయితీలో అసలు పని ఒప్పుకోలు తర్వాతే మొదలవుతుంది. ఒప్పుకున్నాక కూడా దెబ్బలు ఆగకపోవడానికి కారణం అదే.

ఈ వ్యవహారం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా కృష్ణా నది ఒడ్డు దాకా పోయే దారి అనువైనది. గుడి, తండా, రచ్చబండ, ఆసుపత్రి, పోలీసు ఠాణా, రాష్ట్ర సరిహద్దు, అన్నీ ఈ దారిలో తగులుతాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట విడిపోయాయి. నేల మాత్రం అంతటా ఒకే తీరు: గుండ్రాళ్ళ గుట్టలు, ఎర్ర చెల్క, వాన మీద ఆధారపడ్డ చేలు, ఏటా ఇంకా లోతుకు దిగే బోర్లు.

నార్కట్‌పల్లి దాటగానే చెరువుగట్టు. గుట్ట మీద గుహలో జడల రామలింగేశ్వరుడు. లింగాన్ని పరశురాముడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు, అగ్నిగుండాలు జరుగుతాయి గానీ, ఈ క్షేత్రానికి పేరు తెచ్చింది అమావాస్య రాత్రులు. గాలి సోకిందనీ, దయ్యం పట్టిందనీ అనుకున్నవాళ్ళను వెంటబెట్టుకొని కుటుంబాలు వస్తాయి, గుట్ట మీదే నిద్ర చేస్తాయి. పూనకంలో ఉన్న మనిషిని చుట్టూ ఉన్నవాళ్ళు "ఎవరు నువ్వు, ఎక్కడ పట్టినవ్, ఎప్పుడు పోతవ్" అని అడగడం తెలంగాణ అంతటా ఉన్న పద్ధతి. ఇది కూడా ఒప్పుకోలే. దయ్యం తన పేరు చెప్పుకోవాలి, కోరిక చెప్పుకోవాలి, పోతానని మాట ఇవ్వాలి. చెప్పేది రోగి నోరు, నేరం చచ్చిపోయినవాళ్ళది. కోడినో కొబ్బరికాయనో ఇస్తే వ్యవహారం ముగుస్తుంది. పొరుగింటివాడి మీద ఎవరూ చెయ్యెత్తరు.

బాణామతి నమ్మకంలో మారిపోయేది ఈ ఒక్క చోటే. రోగానికి కారణం చచ్చిపోయినవాళ్ళు కాదు, పక్కింటివాడు. దయ్యం చెప్పాల్సిన మాటను ఇప్పుడు ఒక మనిషి చేత చెప్పించాలి. దయ్యాన్ని అడిగినట్టే వేపమండలతో మొదలైన అడగడం కర్రల దాకా పోతుంది. ఒకే ప్రశ్న ఒక చోట రోగికి ఊరటనూ మరో చోట పొరుగువాడికి చావునూ తెస్తుందన్న సంగతిని, మూఢనమ్మకాలన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడేవాళ్ళు గమనించడం లేదు.

నల్లగొండ నుంచి దేవరకొండకు పోయే దారికి పడమటి వైపు మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ మండలాలు. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను వంచిన ఊళ్ళివి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటికతో, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఇంటింటికీ నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్ దగ్గర ఆవిష్కరించారు. చేతబడి ప్రస్తావనలో ఈ ముచ్చట ఎందుకంటే, నడుము వంగిపోవడానికి కారణం బోరు నీళ్ళని తేలాక ఆ నొప్పికి ఇక మనిషిని వెతకాల్సిన పని ఉండదు. కారణం తేలని రోగాలకే మనిషి కావలసి వస్తుంది: ఎదిగిన పిల్లకు ఫిట్లు రావడం, బాలింత మాట పడిపోవడం, ఏడాదిలో ఒకే ఇంట రెండు చావులు, పాడి బర్రె ఉన్నట్టుండి కూలబడడం.

దేవరకొండ చుట్టూ ఊళ్ళు ఎన్నో, తండాలూ అన్నే. పద్మనాయకుల కోట ఉన్న గుట్ట కింద బస్టాండు, ఆర్‌ఎంపీ డాక్టర్ల బోర్డులు, ఎరువుల కొట్లు. పల్లెలో ఒక అనుమానం పంచాయితీ దాకా వచ్చే తీరు చాలావరకు ఇలా ఉంటుంది. ముందు ఆర్‌ఎంపీ సూదులు, తర్వాత పట్నం ఆసుపత్రి ఖర్చు, అప్పు. డబ్బు అయిపోయినా జబ్బు తగ్గనప్పుడు సోది చెప్పే ఆమె దగ్గరికో, తాయెత్తు కట్టే మంత్రగాడి దగ్గరికో పోతారు. అతడు సాధారణంగా పేరు చెప్పడు. "మీ ఇంటికి తూర్పున, మీకు కావలసినోళ్ళే" అంటాడు. పేరు నింపేది ఇంటివాళ్ళే. తూర్పున ఎవరుంటారో, ఎవరితో గెట్టు తగాదా ఉందో, పెళ్ళిలో ఎవరు అలిగి పోయారో వాళ్ళకు తెలుసు. ఆ పేరు మొదట ఇంట్లో, తర్వాత వాడకట్టులో, ఆ పైన రచ్చబండ మీద పలుకుతుంది.

నింద పడేది ఒంటరి ముసలమ్మల మీదే అన్న అభిప్రాయం ఝార్ఖండ్, బిహార్ వార్తల నుంచి వచ్చింది. తెలంగాణలో మగవాళ్ళూ బలవుతున్నారు. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, ఒక మహిళ చావుకు కారకుడన్న అనుమానంతో ఆమె చితి దగ్గరే ఒక యువకుణ్ణి చంపారు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో కులసంఘం సమావేశం జరుగుతుండగానే ఒకే కుటుంబంలోని తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. 2023 జూన్‌లో సదాశివపేట మండలం కొల్కూరులో భార్యాభర్తలను చెట్టుకు కట్టి కొట్టారు. 2024లో మెదక్ జిల్లా కట్రియాలలో ఒక మహిళకు నిప్పు పెట్టారు. ఇవన్నీ ఈ దారికి ఉత్తరాన జరిగినవే అయినా నమ్మకం ఒకటే, మాటలూ అవే. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో మంత్రవిద్య కారణంగా దేశంలో 68 మంది హత్యకు గురైతే అందులో 11 మంది తెలంగాణవాళ్ళు. చావు దాకా పోని పంచాయితీలు ఈ లెక్కల్లోకి రావు. ఒప్పుకోళ్ళు ఎక్కువగా జరిగేది వాటిలోనే.

పంచాయితీలో ముందు వచ్చేది ప్రమాణం. నింద పడ్డవాడు తడిబట్టలతో గుడి ముందు నిలబడి దీపం ఆర్పాలి, లేదా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెయ్యలేదని చెప్పాలి. ఇది తప్పించుకునే దారిలా కనిపిస్తుంది. కానీ వెనకాడితే నేరం తేలినట్టే. ప్రమాణం చేశాక ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చినా, ఎద్దు చచ్చినా అబద్ధపు ప్రమాణం తగిలిందంటారు. ప్రమాణం చేసినవాణ్ణి ఊరు నెలల తరబడి గమనిస్తూనే ఉంటుంది. కాదన్న మాట ఎన్నాళ్ళకూ రుజువు కాదు. అవునన్న మాట అన్న క్షణంలోనే రుజువవుతుంది.

చెయ్యని పనిని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? మొదటి కారణం అందరికీ తెలిసిందే. దెబ్బలు ఓర్చుకోలేక. కొడుకును కొడతామంటేనో, కూతుర్ని పంచాయితీకి ఈడ్చుకొస్తామంటేనో తనను ఎంత కొట్టినా నోరు విప్పనివాడు కూడా తలూపుతాడు. ఆ క్షణంలో ముందున్నది కర్ర. ఒప్పుకుంటే వచ్చేది తర్వాతి సంగతి.

రెండోది బేరం. పెద్దమనుషుల్లో ఒకరు పక్కకు పిలిచి "ఒప్పుకో, తప్పు కట్టు, అయిపోతది" అంటాడు. ఆయన మంచికే చెబుతాడు. గుంపును ఆపడానికి అంతకంటే దారి ఆయనకూ తోచదు. తప్పు అంటే దండుగ: ఇన్ని వేలు, ఒక విందు, గుళ్ళో కొబ్బరికాయ. ఊళ్ళో ఇల్లు, రెండెకరాల చెల్క, రేషన్ కార్డు ఉన్న మనిషికి ఊరు విడిచి పోవడం కంటే తప్పు కట్టడం తేలిక. పాలమూరు వలస కూలీల జిల్లా. ముంబయికీ పుణేకూ పోయే దారి అందరికీ తెలుసు. కానీ పనికోసం పోయినవాడు పండుగకు తిరిగొస్తాడు, బాణామతి పేరుతో వెళ్ళగొట్టబడ్డవాడికి తిరిగి రావడం లేదు. ఒప్పుకోలు చాలామందికి ఊళ్ళో ఉండనివ్వమని పెట్టుకునే దరఖాస్తు.

మూడోది తక్కువగా చర్చకు వస్తుంది. నింద పడ్డ మనిషి కూడా అదే ఊరివాడు, అదే నమ్మకంలో పెరిగినవాడు. గెట్టు తగాదాలో "నీ ఇల్లు పాడుగాను" అని మన్నెత్తి పోసిన రోజు అతనికి గుర్తుంటుంది. నెల తిరగకుండా ఆ ఇంట్లో బిడ్డ చచ్చిపోతే, నలుగురూ చుట్టుముట్టి రాత్రంతా అడిగితే, తన నోటి మాటకే ఆ బలం ఉందేమోనన్న అనుమానం అతనికే కలుగుతుంది. 1985లో సాల్ కాసిన్, లారెన్స్ రైట్స్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అబద్ధపు ఒప్పుకోళ్ళను మూడుగా విడదీశారు: ఎవరూ అడగకుండా ఇచ్చేవి, ఒత్తిడికి లొంగి ఇచ్చేవి, నిజంగా తానే చేశానని నమ్మి ఇచ్చేవి. పోలీసు స్టేషన్ల కోసం చేసిన ఈ విభజన రచ్చబండకూ సరిపోతుంది. మూడో రకం ఒప్పుకోలు అన్నింటికంటే దారుణమైనది. ఆ మనిషి తర్వాత ఏ కోర్టులో గెలిచినా తన మనసులో గెలవడు.

ఇక నాలుగో రకం మనుషులున్నారు. తాయెత్తులు కట్టి, దిష్టి తీసి, తేలు మంత్రం వేసి బతికేవాళ్ళు. తమకు మంత్రం వచ్చన్న పేరే వాళ్ళ జీవనం, కొంత గౌరవం, కొంత రక్షణ. "నాకు తెల్వదు" అంటే బతుకుదెరువు పోతుంది, "నాకు తెలుసు" అంటే ప్రాణం పోతుంది. ఏళ్ళ తరబడి సగం నవ్వుతో చెప్పుకున్న గొప్పలన్నీ పంచాయితీ రోజు సాక్ష్యాలుగా తిరిగొస్తాయి.

ఒప్పుకున్నాక "ఎక్కడ పెట్టినవ్, చూపియ్యి" అంటారు. నిమ్మకాయ, కోడిగుడ్డు, వెంట్రుకలు, గుడ్డబొమ్మ, ఏదో ఒకటి పాతిపెట్టి ఉండాలి. దెబ్బలు ఆపించుకోవడానికి అతడు గడప పక్కనో పశువుల కొట్టంలోనో ఒక చోటు చూపుతాడు. పల్లెటూరి మట్టిని ఎక్కడ తవ్వినా గుడ్డపేలికో ఎముక ముక్కో దొరుకుతుంది. దొరికిందంటే ఒప్పుకోలు నిజమైపోయింది. దొరక్కపోతే ఇంకెక్కడో దాచాడు. కొన్నిచోట్ల తవ్వి తీసే పని మంత్రగాడే చేస్తాడు, తన చేతివాటంతో. నిమ్మకాయ కోస్తే నెత్తురు రావడానికి కత్తికి ముందే పూసిన రసాయనం చాలు. బట్టలు వాటంతట అవే అంటుకోవడానికి భాస్వరం, ఒంటి మీద తెల్లారేసరికి మచ్చలు లేవడానికి నల్లజీడి రసం. 1988లో ఏర్పడ్డ జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్ళు ఊరూరా ఈ మర్మాలను విప్పి చూపిస్తూ వచ్చారు. పోలీసు కళాబృందాలు పాటలతో, నాటికలతో అదే పని చేస్తున్నాయి. ఈ ప్రదర్శనలు మంత్రగాడి బలాన్ని తగ్గిస్తాయి. మంచాన ఉన్న రోగి మాత్రం మంచాన్నే ఉంటాడు, అతని ఇంటివాళ్ళకు ఇంకా జవాబు కావాలి.

చేతబడి తియ్యడమంటే తవ్వి తీసిన వస్తువును కాల్చడం, నీళ్ళు చల్లడం, రోగి కాళ్ళ మీద పడడం. తర్వాత రోగి లేవాలి. మూర్ఛలూ మాట పడిపోవడాలూ కొన్నిసార్లు తగ్గుతాయి కూడా. మనసు ఒత్తిడితో వచ్చిన జబ్బుకు ఊరంతా కలిసి చేసిన తంతు పనిచెయ్యడంలో వింత లేదు. అలా తగ్గిన ఒక్క రోగి వల్ల ఆ మండలంలో నమ్మకం మరో తరం దాకా నిలుస్తుంది. క్షయో కాన్సరో అయితే తగ్గదు. అప్పుడు ఒప్పుకున్న మనిషి పరిస్థితి ఒప్పుకోనివాడి కంటే అధ్వానం. చేశానని తన నోటితోనే చెప్పాడు, తియ్యడం లేదు. కావాలనే చంపుతున్నాడని లెక్క. హత్యలు ఎక్కువగా రోగి చచ్చిపోయిన తర్వాతో, చావు ఖాయమనుకున్నప్పుడో జరిగేది అందుకే. పళ్ళు పీకడం వెనక కూడా ఇదే తర్కం ఉంది. తియ్యనివాడు మళ్ళీ చెయ్యకుండా, మంత్రం స్పష్టంగా పలకలేకుండా చెయ్యడం.

ఇతర దేశాల మంత్రగత్తె విచారణల్లో ఒప్పుకోలుకు వేరే పని ఉండేది. 1532 నాటి జర్మన్ సామ్రాజ్య శిక్షాస్మృతి ప్రకారం మరణశిక్షకు ఇద్దరు ప్రత్యక్ష సాక్షులో నిందితుడి ఒప్పుకోలో ఉండాలి. మంత్రవిద్యను కళ్ళారా చూసిన సాక్షి దొరకడు గనుక మిగిలింది ఒప్పుకోలు, దాన్ని రాబట్టడానికి చిత్రహింస. అక్కడ అడిగే రెండో ప్రశ్న "నీతో ఇంకెవరున్నారు?" ఒక ఒప్పుకోలు నుంచి పది పేర్లు పుట్టేవి. తెలంగాణ పంచాయితీ ఆ తర్వాత అడిగేది "ఎక్కడ పెట్టినవ్, ఎప్పుడు తీస్తవ్?" కనుక ఇక్కడ నింద ఒక ఇంటి దగ్గరే ఆగుతుంది, ఊరంతా పాకదు. 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరితీశారు. అక్కడ యాభై మందికి పైగా ఒప్పుకున్నారు. ఒప్పుకొని ఆ మాట మీద నిలబడ్డవాళ్ళను ఉరితియ్యలేదు, కాదన్నవాళ్ళనే తీశారు. బతకాలంటే అబద్ధం చెప్పాల్సిన ఆ స్థితి దేవరకొండ తండాలో తప్పు కట్టే మనిషికి వెంటనే అర్థమవుతుంది. స్పెయిన్‌లో అలోన్సో దె సలజార్ అనే మతవిచారణాధికారి 1611లో బాస్క్ పల్లెల్లో తిరిగి 1,802 మంది ఒప్పుకోళ్ళు రాసుకున్నాడు. అందులో 1,384 మంది పిల్లలు. అతడు చేసింది ఒక్కటే, చెప్పిన ప్రతి మాటనూ బయట సరిచూడడం. చూపిన చోట ఏమీ లేదు, చెప్పిన లేపనాలు పని చెయ్యలేదు. మంత్రగత్తెల గురించి మాట్లాడడం, రాయడం మొదలుపెట్టిన తర్వాతే మంత్రగత్తెలు పుట్టుకొచ్చారని అతడు పైవాళ్ళకు నివేదించాడు. అంత అధికారం చేతిలో ఉండి అంత నిజాయితీగా వెనక్కి తగ్గిన మనిషి ఆ చరిత్రలో మరొకడు కనిపించడు.

డిండి జలాశయం దాటి శ్రీశైలం రహదారి మీద ఉత్తరానికి తిరిగి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోతే మహబూబ్‌నగర్. 2016లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అంతకు ముందు ఈ ప్రాంతపు మానసిక రోగికి పెద్ద దిక్కు హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రి. ఆ పేరు చెబితేనే పిల్లకు సంబంధాలు రావని భయం. బాణామతి అంటే ఆ భయం లేదు. తప్పు పిల్లది కాదు, ఎవడో చేశాడు. ఈ తేడా చిన్నది కాదు. కుటుంబాలు చేతబడి మాటను పట్టుకొని వేలాడడానికి సగం కారణం అదే. ఇరుగుపొరుగు కన్నడ జిల్లాల్లో కూడా బాణామతి ఇదే పేరుతో ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు బాధితులను పరీక్షించి 1989లో బ్రిటిష్ సైకియాట్రీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం వాళ్ళలో కన్వర్షన్ జబ్బులు, ఆందోళన, దిగులు, స్కిజోఫ్రీనియా ఉన్నట్టు గుర్తించింది. దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని 1996లో ప్రారంభించినప్పుడు మొదట తీసుకున్న జిల్లాల్లో మెదక్ ఒకటి.

ఠాణా మాట వేరు. చేతబడి చెయ్యడం పాత శిక్షాస్మృతిలో గానీ ఇప్పటి న్యాయ సంహితలో గానీ నేరం కాదు కనుక దాన్ని ఒప్పుకోవడానికి చట్టంలో చోటే లేదు. ఒప్పుకోలు మీద చట్టానికి ఉన్న అపనమ్మకం పాతది. మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855 నాటి నివేదికలో, పన్ను వసూలుకూ నేరం ఒప్పించడానికీ కింది ఉద్యోగులు వాడే పద్ధతులను నమోదు చేసింది. వేళ్ళను కర్రల మధ్య బిగించే కిట్టి వాటిలో ఒకటి. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదన్న నియమం 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా చేరింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో అది 23వ సెక్షన్. మంత్రగాడని అనుమానించి చంపినవాళ్ళు కత్తితో సహా ఠాణాకు వచ్చి లొంగిపోవడం తెలంగాణ పత్రికల్లో తరచు కనిపించే వార్త. ఆ మాటా ఈ నియమం కిందే పడుతుంది. నింద పడ్డవాడి నుంచి రాబట్టిన ఒప్పుకోలుకూ, హంతకుడు గర్వంగా ఇచ్చిన ఒప్పుకోలుకూ కోర్టు ఇచ్చే విలువ ఇంచుమించు ఒకటే.

మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ మీదుగా దక్షిణానికి పోతే నారాయణపేట జిల్లా కృష్ణ మండలం, నది మీద వంతెన, అవతల రాయచూరు జిల్లా. కర్ణాటకలో 2017లో చేసిన మంత్రతంత్రాల నిరోధక చట్టం 2020 నుంచి అమల్లో ఉంది. మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత, అలాంటి చట్టం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి ఉంది. ఈ మూడింటి మధ్యన ఉన్న తెలంగాణలో ప్రత్యేక చట్టం లేదు. కేసులు గాయపరచడం, నిర్బంధించడం, హత్య సెక్షన్ల కింద నడుస్తాయి. అయితే ఈ పంచాయితీలకు సరిగ్గా అతికే సెక్షన్ ఒకటి 1860 నుంచీ ఉంది. పాత శిక్షాస్మృతిలో 330, 331, ఇప్పటి న్యాయ సంహితలో 120. నేరం గానీ దుష్ప్రవర్తన గానీ ఒప్పించడానికి మనిషిని గాయపరిస్తే ఏడేళ్ళు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళ దాకా శిక్ష. కొట్టింది పోలీసే కానక్కర్లేదు, ఎవరైనా సరే. పాత చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో పోలీసు అధికారితో పాటు రైతును హింసించే జమీందారు కూడా ఉన్నాడు. ఈ సెక్షన్ పడాలంటే ఫిర్యాదులో "కొట్టారు" అని రాస్తే చాలదు. "చేతబడి చేశానని ఒప్పుకోమని కొట్టారు" అని రాయించాలి. ఠాణా మెట్లెక్కే మనిషికి ఆ వాక్యం ముందే తెలిసి ఉండాలి, రాసుకునే రైటరు దాన్ని యథాతథంగా రాసుకోవాలి.